పేగుపూత నాది, నింద మరదలిది

కోరుట్లలో తమ్ముడు కొత్త ఇంటికి స్లాబు వేసిన రోజు దావత్‌లో మటన్‌తో అన్నం తిన్నాను. కొన్నాళ్లకే నాకు విరేచనంలో రక్తం పడడం మొదలైంది. ఎంతకీ తగ్గలేదు. కరీంనగర్‌లో డాక్టరు గొట్టం వేసి చూసి, పేగులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి, పెద్దపేగు పూత, అంటే అల్సరేటివ్ కొలైటిస్ అన్నాడు. అప్పటికే సిరిసిల్లలో ఉండే మా అక్క తీర్పు చెప్పేసింది: తమ్ముడి భార్య నాకు మందు పెట్టింది.

తిండిలో ఏదో కలిపి మనిషిని లొంగదీసుకోవచ్చని మా వైపు నమ్మకం. ఆ మందు లోపల అతుక్కుని పేగును కోస్తుందట. దాన్ని కక్కించేవాళ్లూ ఉన్నారు. రాయికల్, గొల్లపల్లి ఊళ్లల్లో సైన్సు ప్రచార సభల్లో మైకు పట్టుకుని ఇది మూఢనమ్మకమని ఏళ్ల తరబడి అరిచినవాణ్ని. ఇప్పుడు దానికి సాక్ష్యం నా కడుపే అయింది. కోపం రావాలి. రాలేదు. స్టెరాయిడ్ మాత్రలకు ఉబ్బిన ముఖంతో మంచం మీద కూర్చుని అక్క చెప్పేది ఫోనులో విన్నాను.

తర్వాత అక్క జగిత్యాలలో మా ఇంటికే వచ్చింది.

"లే తమ్మీ. వేములవాడ అవుతల ఒకాయన ఉన్నడట. పరిగడుపున పోతె కక్కిస్తడు. ఏం పెట్టిందో నీ కండ్ల ముందలనే పడుతది."

"ఆ దావత్‌ల నువ్వు సుత తిన్నవ్ గదా అక్కా?"

"నాది నేనే పెట్టుకున్న. నీకు గామె వడ్డించింది."

డాక్టరు చెప్పింది చెప్పాను. పేగు లోపలి పొరలో రక్షణ కణాలు కాపలా ఉంటాయి. అక్కడ మనతో కలిసి బతికే సూక్ష్మజీవులు లెక్కలేనన్ని. వాటిని చూసీ చూడనట్టు వదిలేయడం కూడా ఆ కణాల పనే. ఈ జబ్బులో ఆ ఓపిక పోతుంది. దాడికి దిగిన కణాలు రసాయనాలు వదిలి మరికొన్నింటిని పిలుస్తాయి. వాటిని శాంతింపజేయవలసిన కణాలు ఆ పని చేయలేవు. పుండయ్యేది మన పేగే.

అక్క అడ్డు చెప్పకుండా వింది. అన్నీ ఒప్పుకుంది.

"మరి ఇన్నేండ్లు సక్కగున్నయి గదా, గిప్పుడే తిక్క ఎందుకు లేసింది?"

పుట్టుకతో వచ్చింది కొంత, బతికే తీరు వల్ల కొంత అన్నాను.

"గట్ల గాదు. నీకే ఎందుకు? గా దావత్ అయినంకనే ఎందుకు?"

సభల్లో ఎవరేమడిగినా తడుముకోలేదు నేను. "తెలియదు" అన్నాను. అదే నిజం.

"నీకు తెల్వది, నీ డాక్టరుకు తెల్వది. నాకు తెలుసు" అని అక్క సంచి సర్దుకుంది.

సైన్సు నిజాయితీగా ఖాళీ వదిలిన చోట ఒక ఆడమనిషిని తెచ్చి నిలబెట్టడం ఇంత తేలిక. కొద్దిరోజులకే మరదల్ని ఒక పెళ్లిలో వడ్డన దగ్గరికి రానివ్వలేదని తెలిసింది. అప్పటికి మందులతో నాకు రక్తం పడడం ఆగింది. బస్సెక్కి కోరుట్ల వెళ్లాను. వాకిట్లో బీడీలు చుట్టుకుంటున్న ఆడవాళ్లు వినాలనే గట్టిగా అన్నాను:

"మా మరదలు వండింది తిందామని అచ్చిన!"

మరదలు నన్ను లోపలికి పిలిచింది. కూర్చోమనలేదు.

"బావా, గీ జబ్బు మళ్ల అస్తదా?"

"అస్తది. పేగుల ఉండే కాపలా కణాలల్ల కొన్ని ఈ కొట్లాటను యాది పెట్టుకుని ఉంటయి. మందులు వాడినా తిరగబెట్టొచ్చు."

"ఎప్పుడు?"

"చెప్పలేం."

"అంటె రేపే రావచ్చు."

"రావచ్చు."

"గట్లయితె మా ఇంట్ల తినకుండ్రి బావా. నా మీద ఒక్క దావతే ఉన్నది. ఇంకోటి పెట్టకుండ్రి."

ఏడవలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంది. తిని వెళ్లి జబ్బు పడితే అది రుజువు. తినకుండా వెళ్తే, ఇదిగో ఆయనా భయపడ్డాడని ఇంకో రుజువు.

ఆమె అడిగినట్టే తినకుండా బయటికొచ్చాను. నేను చెప్పులు తొడుక్కుంటుంటే ఆడవాళ్లు చేటల మీద చేతులు ఆపి, తిన్నానా లేదా అని నా మూతికేసి చూశారు.