ఎవరి ఆదితో కుట్టానో

దెయ్యాలంటే నాకు నవ్వొస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఆడవాళ్ళకి జాకెట్లు కుడుతున్నాను. కొలతలివ్వడానికి నిలబడ్డ ప్రతి మనిషీ ఏదో ఒకటి చెబుతుంది. ఫలానా ఇంట్లో గజ్జెల చప్పుడనీ, ఎవరి కోడలికో గాలి సోకిందనీ. నోట్లో గుండుసూదులు పెట్టుకుని ‘ఊఁ ఊఁ’ అంటాను తప్ప ఒక్కటీ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. మరి నాకు జరిగినదాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

మాది గుడివాడ. పెళ్ళైన నాలుగేళ్ళకే మా ఆయన కామెర్లతో పోయారు. పిల్లల్లేరు. అన్నయ్య తన ఇంట్లో ముందు గది ఇచ్చాడు. అందులోనే మిషను, అందులోనే మంచం. నాకు మార్పంటే మహా భయం. కాలితో తొక్కే మిషనుకి మోటారు బిగించుకోవడానికే ఏడాది ఆలోచించాను. అందుకే, నలభై దాటాక అన్నయ్య మళ్ళీ పెళ్ళి సంబంధం తెస్తే మొదట వద్దన్నాను.

ఆయన పేరు ప్రసాద్ గారు. బందరులో మందుల షాపు. భార్య గుండెపోటుతో పోయిందని చెప్పారు. మనిషి నెమ్మది. “మీరు మిషను మానక్కర్లేదండీ, మా వీధిలోనే షాపు పెట్టుకుందురుగాని” అన్నారు. ఆ ఒక్క మాటకి కరిగిపోయాను. దాచడమెందుకు, ఆయన మీద నాకు ఇష్టం కలిగింది. పౌడరు డబ్బా కొనుక్కున్నాను కూడా.

అయినా లోపల ఏదో గుచ్చుకుంటూనే ఉండేది, కుట్టులో మర్చిపోయిన గుండుసూదిలాగా. రిజిస్టరాఫీసులో చేసుకుందామంటే ఆయనా, అన్నయ్యా ఇద్దరూ ఒకే మాట, “ఈ వయసులో ఆ గోలంతా ఎందుకు, గుళ్ళో దండలు మార్చుకుంటే చాలు” అని. నాకెందుకో నచ్చలేదు. వదినతో అన్నాను.

“నీకు భయం, అంతే. ఇన్నేళ్ళు ఒక్కదానివే పడున్నావు కదా, మంచి జరుగుతున్నా నమ్మబుద్ధి కాదు” అంది.

అదీ నిజమే కాబోలు అనుకున్నాను. భయమేదో, మనసు చెప్పే మాటేదో తేల్చుకోవడం అప్పటికి నాకు చేతకాలేదు.

పెళ్ళి జాకెట్టు నేనే కుట్టుకుందామని కొలతకి పెట్టుకునే నా ఆది జాకెట్టు బల్ల మీద పరిచి, ఆకుపచ్చ పట్టు గుడ్డ కత్తిరించాను. సాయంత్రానికి కుట్టడం అయిపోయింది. తొడుక్కోబోతే చేతులు దూరలేదు. నాకంటే బాగా సన్నటి మనిషికి కుట్టినట్టుంది. అది సరే, కుడివైపు డాట్లు చక్కగా ఉన్నాయి, ఎడమవైపు ఒక్కటీ లేదు. డాట్లంటే ఛాతీ దగ్గర గుడ్డ ఎత్తుగా నిలవడానికి వేసే మడతలు. ఆ పక్కంతా పలకలాగా చదునుగా ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు కూడా చెయ్యని తప్పది.

ముదురు పెళ్ళికూతురికి ధ్యాస ఎక్కడుంటుందిలే అని నవ్వుకున్నాను. మ్యాచింగ్ గుడ్డ తెచ్చి మళ్ళీ కుట్టాను. మళ్ళీ అదే. ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే అంచుకి అంచు కలిసింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మూడోసారి ఎదురింట్లో మగ్గం వర్క్ చేసే ఫాతిమాని పిలిచాను. నా ఆది జాకెట్టు పెట్టి, సుద్దతో గీతలన్నీ తనే గీసింది. తను చూస్తుండగానే కత్తెర పట్టాను. గీత మీదే పోనిచ్చానని ఒట్టేసి చెబుతాను. కుట్టాక చూస్తే అదే సన్నటి మనిషి, అదే చదును పక్క. ఫాతిమా కింద పడ్డ పీలికలు ఏరి బల్ల మీద పెట్టింది. తను గీసిన సుద్ద గీతలు ఆ పీలికల మీదున్నాయి.

“అక్కా, గీతకి లోపలగా కోశావు. నేను చూస్తూనే ఉన్నాను, నాకూ తెలీలేదు” అంది.

ఆ పీలికలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి.

మర్నాడు పొద్దున్నే బందరు బస్సెక్కాను. అన్నయ్యకి చెప్పకుండా ఊరు దాటడం అదే మొదలు. పెడన వచ్చేదాకా దిగిపోదామా, వెనక్కి పోదామా అనుకుంటూనే కూర్చున్నాను. షాపులో ప్రసాద్ గారు నన్ను చూసి నవ్వుతూ లేచారు. ఏమని మొదలుపెట్టాలో తెలీక సంచిలోంచి ఆకుపచ్చ జాకెట్టు తీసి కౌంటరు మీద పరిచాను. “పెళ్ళికి కుట్టానండీ, చూడండి” అన్నాను. అంతే, ఇంకో మాట అనలేదు.

ఆయన చెయ్యి ఆ చదును పక్క మీద ఆగిపోయింది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

“కోడూరు వెళ్ళావా? అది నీతో ఏం చెప్పింది?” అన్నారు.

అప్పటిదాకా నన్ను ‘మీరు’ అనే మనిషి. ‘అది’ అంటే ఎవరని అడిగాను. అప్పుడు మొత్తం చెప్పారు. భార్య పోలేదు. రొమ్ములో గడ్డకి ఆపరేషన్ చేసి ఎడమవైపు తీసేశారు. తర్వాత ఈయన ఆమెని దివిసీమలో కోడూరు, పుట్టింటికి పంపేశారు. “మా మధ్య ఇప్పుడేం లేదు. మీ అన్నయ్యకి అన్నీ చెప్పే మాట్లాడుకున్నాం” అన్నారు.

మిగతాదంతా ఎలాగో విన్నాను. ఆ చివరి మాట వినగానే మాత్రం జాకెట్టు సంచిలో కుక్కుకుని బస్టాండుకి నడిచాను.

ఇంటికొచ్చి అడిగితే అన్నయ్య తల కూడా దించలేదు. “నీ మంచికే చెప్పలేదే. ఎన్నాళ్ళని నిన్ను చూసుకోమంటావు?” అన్నాడు. నా కూడు నేనే సంపాదించుకున్నాను, వాడు చూసుకున్నదేమిటో! పరాయివాడు మోసం చేస్తే నాలుగు తిట్టి ఊరుకుంటాం. వీడు నాతో ఒకే కంచంలో తిన్నవాడు. “బతికున్న ఆడదాన్ని చంపేసి ఆ పీట మీద నన్ను కూర్చోబెడతావా, ఛీ!” అని మొహం మీదే అన్నాను. కడుపు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

ఆ ఆదివారం పులిగడ్డ వంతెన దాటి, అవనిగడ్డలో బస్సు మారి కోడూరు వెళ్ళాను. బందరు మందుల షాపాయన భార్య అంటే ఇల్లు ఎవరో చూపించారు. ఆమె పేరు విజయ, తమ్ముడి ఇంట్లో ఉంటోంది. నాకంటే సన్నం. ఎడమవైపు పైట మడతలు మడతలుగా కప్పుకుని ఉంది. సంబంధం సంగతి ఏదీ దాచకుండా చెప్పాను. అంతా విని, “నన్ను దేంతో చంపాడు?” అని అడిగింది. గుండెపోటుతో అన్నాను. “పోన్లెండి, ఎక్కువ బాధపడకుండా పోయాను” అని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

నేను తెచ్చిన ఆకుపచ్చ జాకెట్టు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఎంతకీ రాలేదు. ఎందుకు తెచ్చానురా దేవుడా అనుకున్నాను. అది తొడుక్కుని వచ్చినప్పుడు పైట సర్దుకోవడం కూడా మర్చిపోయి ఉంది. చంకల దగ్గర ఒక్క ముడత లేదు. ఎడమవైపు గుడ్డ ఒంటికి అద్దినట్టుంది.

“సిగ్గేసి ఆపరేషన్ అయ్యాక ఎవరికీ కొలతలివ్వలేదండీ. ఇది ఎవరి ఆదితో కుట్టారు?” అంది.

“నా ఆదితోనేనమ్మా” అన్నాను.

ఇప్పుడు అవనిగడ్డలో సొంతంగా షాపు పెట్టుకున్నాను. మిషను ఆటోలోకి ఎక్కించిన రోజు రెండుసార్లు గదిలోకి వెనక్కి వెళ్ళొచ్చాను. అయినా ఎక్కాను. భయం ఉంది గానీ, లోపల ఆ గుండుసూది లేదు. ఆ తేడా ఇప్పుడు తెలుస్తోంది. అన్నయ్య రెండుసార్లు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. వాడి గడప ఇంతవరకు తొక్కలేదు.

ఆయన భార్య గురించి ఎవరో అన్న మాట ఎప్పుడో నీ చెవిన పడి ఉంటుందని ఒక కస్టమరు, టీచరమ్మ, అంది. పడిందే అనుకుందాం. విజయ భుజం కొలత, చంక కొలత నా చెవిలో ఎవరు చెప్పారు?

విజయ ఇప్పుడు నా దగ్గరే కుట్టించుకుంటుంది. గుడ్డతో పాటు ఆ ఆకుపచ్చ జాకెట్టే ఆదిగా తెస్తుంది. దాన్ని బల్ల మీద పరిచి, టేపు పెట్టి, ఒకటికి రెండుసార్లు కొలిచి మరీ కత్తిరిస్తాను. అయినా ప్రతిసారీ ఏదో ఒక తేడా. ఒకసారి భుజం జారుతుంది, ఒకసారి చంక పట్టేస్తుంది. విప్పి మళ్ళీ కుట్టాల్సిందే.

ఆ ఆకుపచ్చదానికి మాత్రం ఇంతవరకు ఒక్క కుట్టు విప్పలేదు.