సామ్యూల్ అన్న, కన్నుకొట్టే కారు

నిన్న పొద్దున్నే గ్రేస్ వదిన ఫోన్ చేసింది. "శీనూ, మీ అన్న లేస్తలేడు" అంది.

డాక్టర్‌ని పిలవమని చెప్పి, ఉన్నపళంగా బయల్దేరాను. నేను తార్నాక చేరేసరికి డాక్టర్ వచ్చి, చూసి, వెళ్ళిపోయాడు కూడా.

నిద్రలోనే గుండె ఆగింది.

రోజూ వాకింగ్ చేసే మనిషి. టైమ్‌కి ట్యాబ్లెట్లు వేసుకునే మనిషి. నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

సామ్యూల్ అన్న మా యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ చెప్పేవాడు. ఆయన పేరు మర్చిపోయినవాళ్ళకి కూడా ఆయన కారు గుర్తుంటుంది.

ఎర్ర రంగు, రెండు డోర్లు, తొంభైల నాటి జపాన్ స్పోర్ట్స్ కారు. స్విచ్ నొక్కితే హెడ్‌లైట్లు బానెట్‌లోంచి పైకి లేచేవి. అందులో ఒకటి బద్ధకంగా లేచేది. అందుకే స్టూడెంట్లు దానికి 'కన్నుకొట్టే కారు' అని పేరు పెట్టారు. నేను మాత్రం తెల్ల ఏనుగు అనేవాణ్ణి.

దాని ఇంజిన్‌ని నడిపేది ఒక కంప్యూటర్. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది, ముందు సీటు దగ్గర కార్పెట్ కింద. అన్న కొనేనాటికి అది చచ్చి పడి ఉంది. చూసిన ప్రతి మెకానిక్‌దీ ఒకటే మాట.

"కంప్యూటర్ పీకెయ్ సార్, కార్బురేటర్ ఏసుకో. తలనొప్పి పోతది."

అన్న వింటేగా! డబ్బా విప్పి డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. లోపల కారిపోయిన కెపాసిటర్లు మార్చాడు. తుప్పు పట్టిన ఎర్త్ వైర్లు గీకి శుభ్రం చేశాడు. బండి స్టార్టయింది. పప్పులో కూడా సోల్డరింగ్ వాసనే వస్తోందని వదిన చాలా రోజులు సతాయించింది.

"కంప్యూటర్ ముసలిదైతలేదు రా. దాని సుట్టున్న వైర్లు ముసలివైతున్నయ్" అనేవాడు అన్న.

నా పీహెచ్‌డీ వైవా రోజు సంగతి చెప్పాలి.

ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ కాచిగూడలో రైలు దిగారు. బుక్ చేసిన క్యాబ్ డ్రైవర్ చివరి నిమిషంలో రానన్నాడు. అన్న తన కారు తెచ్చాడు. ఆ పెద్దమనిషి ముందు సీట్లో, నేను వెనక సీటు అనబడే అరలో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా.

అంబర్‌పేట్‌లో బండి ఆగిపోయింది.

ఒక ఆటో అతను వచ్చి, తోయడానికి బండి వెనక చేతులు ఆనించి "నూకాల్నా సార్?" అన్నాడు.

"వద్దు భాయ్, ఏమైందో బండే చెప్తది ఆగు" అన్నాడు అన్న. తర్వాత ఎగ్జామినర్ వైపు తిరిగి, "సార్, ఆ పేపర్ క్లిప్ ఒక్కసారి ఇస్తరా?" అని అడిగాడు.

అది నా థీసిస్ మీద ఆయన రాసుకొచ్చిన రిపోర్టుకు పెట్టిన క్లిప్. ఆయన పాపం తీసి ఇచ్చారు. అన్న దాన్ని వంచి, బానెట్ కింద ఒక సాకెట్‌లో రెండు పిన్నులు కలిపాడు.

"సార్, డాష్‌బోర్డు మీద ఇంజిన్ లైట్ కొట్టుకుంటది. ఎన్నిసార్లో జర లెక్కపెట్టుండ్రి."

విడి కాయితాలు ఒళ్ళో పెట్టుకుని, అంత పెద్ద ప్రొఫెసర్ గట్టిగా లెక్కపెట్టారు. "రెండు... ఆగింది... మళ్ళీ రెండు!"

"రెండు, రెండు అంటే ఇంజిన్ వేడి చూసే సెన్సర్" అన్నాడు అన్న. దాని వైరు లూజయింది. కర్చీఫ్‌తో తుడిచి, గట్టిగా నొక్కి, స్టార్ట్ చేశాడు.

వైవాలో ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "మీ థీసిస్‌లో ఎక్కడ లూజ్‌గా ఉందో మీరే చెప్పండి."

చెప్పాను. పాసయ్యాను.

"ఆగని బండి ఉండదు రా. ఎందుకు ఆగిందో చెప్పే బండి ఉంటది" అన్నాడు అన్న ఆ సాయంత్రం. అలాంటి బండికి ఒక్కటే ప్రమాదమని ఆయన నమ్మకం. "నేను పోయినంక దీని కంప్యూటర్ పీకి పారేస్తరు. అదొక్కటే నా భయం."

ఆ భయం ఇవాళే నిజమయ్యేలా కనబడింది.

మధ్యాహ్నం సమాధి దగ్గరి నుంచి ఇంటికొచ్చాం. పరామర్శకు వచ్చిన ఒకాయన కారున్న షెడ్డు వైపు చూస్తూ, బండి తనకిమ్మని అడిగాడు. కంప్యూటర్ తీసేసి వేరే ఇంజిన్ వేసుకుంటాడట. మనిషి పోయి రెండు రోజులైనా గడవలేదు. నాకు ఒళ్ళు మండింది. కానీ వదినకు ఆ కారంటే చిరాకని మా అందరికీ తెలుసు. సరే అంటుందనుకున్నాను.

"ఇచ్చేది లేదు" అంది వదిన.

ఆయన వెళ్ళాక నేను మెల్లగా అడిగాను. "మరి ఎవరు నడుపుతారు వదినా?"

"మీ అన్న ఎడమ మోకాలు ఖరాబైనకాంచి ఎవరు నడుపుతుండ్రు అనుకున్నవ్? క్లచ్ తొక్కనీకి ఆయనతోని ఏడైతది? నేనే. ఆయన పక్కన కూసొని వినెటోడు. ఆడ చప్పుడైతున్నది, ఈడ చప్పుడైతున్నదని నా పానం తీసెటోడు."

ఆదివారాలు పొద్దున క్యాంపస్ రోడ్డు మీద ఆ కారు వెనక భాగం చూసి "అన్నా!" అని ఎన్నిసార్లు చెయ్యి ఊపానో. ఒక్కసారి కూడా స్టీరింగ్ దగ్గర ఎవరున్నారో చూడలేదు.

చుట్టాలు కాస్త పలచబడ్డాక వదిన తాళాలు తీసుకుని షెడ్డు తెరిచింది. చీర కుచ్చెళ్ళు సర్దుకుని కూర్చుంది.

"పక్క సీటు ఖాళీగున్నది శీనూ. జరసేపు కూసో."

కూర్చున్నాను. బండి స్టార్టయింది. వదిన కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు. నాకు ఇంజిన్ మోత తప్ప ఇంకేమీ వినబడలేదు.

వదిన తల కొంచెం పక్కకి వంచింది.

"బెల్టు అరుస్తున్నది. చూడాలె" అంది.

నిమ్మళంగ పండుకో అన్నా. దేవుడు నీకు ఏ చింతా లేని నిద్ర ఇవ్వాలి. బండిని వదిన చూసుకుంటది.