మడి కట్టిన కంప్యూటరు

మా సింహాద్రి ఇంట్లో ఎవరికీ మడి ఆచారం లేదు. అతని కంప్యూటరుకి ఉంది.

పూర్ణా మార్కెట్ వెనక సందులో అతని శుభలేఖల ప్రెస్సు. అందులో ఓ మూల పదిహేనేళ్ల నాటి కంప్యూటరు. దాని సాఫ్ట్‌వేరు కంపెనీవాళ్లు కరోనాకి కాస్త ముందు, ఇకమీదట దీని మంచిచెడ్డలు మేం చూడం, కొత్తది కొనుక్కోండని తెరమీద నోటీసు పెట్టారు. "ఆళ్లు సూడకపోతే నాను సూత్తాను" అని సింహాద్రి ఇంటర్నెట్టు వైరు పీకి, చుట్టచుట్టి మేకుకి తగిలించాడు. అప్పట్నుంచీ దాన్నెవరూ అంటుకోకూడదు. రెండు నెలలు తిరక్కుండానే ఊరు ఊరంతా అతని కంప్యూటరు దారిలోకొచ్చింది. ఊరు తర్వాత మారింది, అది మారలేదు.

బయటి పెన్‌డ్రైవు ఏదొచ్చినా ముందు పక్కనున్న కొత్త కంప్యూటర్లో వైరస్ పరీక్ష చేయించాలి. సింహాద్రి దాన్ని స్నానం అనేవాడు. ఫిషింగ్ హార్బర్ నుంచి వచ్చిన బోటు యజమాని జేబులోంచి పెన్‌డ్రైవు తీస్తే, వాసన చూసి రెండు స్నానాలు చేయించాడు. ఆటోనగర్ పాతసామాన్ల కొట్టు నుంచి తెచ్చిన మూడు చచ్చిన కంప్యూటర్లు అటక మీద అవయవదానానికి సిద్ధంగా పడి ఉండేవి.

మడితోపాటే ఇంకో ఆచారమూ మొదలైంది. శుభలేఖ మేటరు ఏదొచ్చినా పాత కంప్యూటరు ముందు నిలబడి గొంతెత్తి చదివేవాడు. టైపిస్టు ప్రేమలీలగారు తల వంచుకుని టకటకా కొట్టుకుపోయేవారు. ఎందుకయ్యా ఈ పారాయణం అంటే, "పెద్ద పానం బావా, సెప్పి సేయించుకోవాల" అనేవాడు.

అతని నోట చ పలకదు. అతను "సిరంజీవి" అంటే ఆవిడ "చిరంజీవి" కొట్టేవారు. ప్రూఫులు చూసిపెట్టే నాకు ఎప్పుడో గాని తప్పు దొరికేది కాదు.

డిజైన్లు చేసే కూతురు నీలిమకి ఈ మడి తలవంపుగా ఉండేది. నెలాఖరుకి పాతది తీసేద్దామంది. కొత్త సాఫ్ట్‌వేరులో తెలుగు మీటల చోట్లన్నీ మారిపోయాయి గనక కొత్త టైపిస్టుని కూడా చూసిపెట్టింది. ప్రేమలీలగారు ఇంట్లో కూర్చోవలసిందే.

"సపోర్టు అయిపోయింది నాన్నా."

"నాకు మాత్రం ఎవడున్నాడే సపోర్టు? అరవయ్యైదేళ్లకీ బూటవుతన్నాను కదా."

"కొత్తది నేర్చుకోవచ్చుగా?"

"నా బుర్రకి ఎక్కదు."

ఈ మాట వచ్చినవాళ్లందరికీ బిరుదులా చెప్పుకునేవాడు.

ఆ వారమే సల్లావారి పెళ్లి శుభలేఖ వచ్చింది. ప్రూఫులో "చల్లా" అని పడింది. పాపం పెళ్లికూతురు పెళ్లి కాకుండానే ఇంటిపేరు మార్చుకుంది. సున్న చుట్టి, రాతప్రతి తీసి చూశాను. ముత్యాల్లాంటి అక్షరాలతో "సల్లా" అనే ఉంది. కళ్లతో చూసి కొడితే ఈ తప్పు రాదు. సింహాద్రి నోట విని కొడితేనే వస్తుంది.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. ప్రెస్సులో సింహాద్రి ఒక్కడే ఉన్నాడు. కొత్త కంప్యూటరు ముందు కూర్చుని, నేను సున్న చుట్టిన తప్పుని పది వేళ్లతో, నీలిమకన్నా వేగంగా దిద్దుతున్నాడు.

"బుర్రకి ఎక్కదన్నావు?"

అతను వీధివైపు చూసి గొంతు తగ్గించాడు. "ఎక్కి మూడేళ్లయింది. కంటి ఆపరేషనైనా ప్రేమలీలగారికి అచ్చరం ఆనడం లేదు బావా. ఆవిడ సేతి ఏళ్లకి మాత్రం ఆ పాత మీటలు కనిపిత్తన్నాయి. నాను మొండోణ్నంటే నీలిమ నన్ను తిట్టి ఊరుకుంటాది. ఆవిడకి సూపు లేదంటే ఊరుకుంటాదేటి?"

నెలాఖరున నీలిమ నన్ను పంచాయితీకి పిలిచింది. "మీరైనా చెప్పండి మావయ్యా."

"నేనే దగ్గరుండి చూశానమ్మా. మీ నాన్న బుర్రకి ఎక్కదు" అన్నాను.

నీలిమ నిట్టూర్చి కొత్త టైపిస్టుకి ఫోన్ చేసి వద్దంది.

ప్రేమలీలగారు నన్ను పక్కకి పిలిచి, "సింహాద్రిగారికి వయసు మీదపడిందండి. కొత్తది రాదు పాపం. నేను మానేస్తే ఆయన ఆ పాతదాంతో ఏం అవస్థ పడతారో అని ఆగుతున్నాను" అన్నారు.

అప్పటికే సింహాద్రి చింతాడవారి శుభలేఖ అందుకున్నాడు.

"సింతాడ. సముద్రంలో స కాదమ్మా, సేపలో స!"