పై వాటా ఖాళీ లేదు

మా వీధి మలుపులో రేకుల పంచ కింద బల్ల వేసుకుని బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడని అందరూ ఇస్త్రీ అక్క అంటారు. ఆమె కన్నా పెద్దవాళ్ళు కూడా అక్క అనే అంటారు. వెనకనున్న ఇల్లు ఆమెదే. కింద ఒక గది, వంటిల్లు. పైన ఇంకో గది, దాని ముందు వరండా, బట్టలారేసే తీగ. తల్లి పోతూ పోతూ ఇల్లు కూతురి పేర రాసిపోయింది. మొగుణ్ణి ఆమే వదిలేసి చాలాకాలమైంది. ఎందుకని ఎవరైనా అడిగితే, "వాడి చొక్కా నలక్కూడదు, నేను నలిగినా ఫర్వాలేదు. కుదర్లేదు" అని తేల్చేస్తుంది.

లోకంలో ఆమెకున్న ఒకే ఒక్క భయం సొంత అన్నయ్య. కొట్టే రకం కాదు, తిట్టే రకం అంతకన్నా కాదు. సలహాలిచ్చే రకం. గోదాములో స్టోరుకీపరుగా రిటైరయ్యాక చూసుకోడానికి సామాన్లు లేక మనుషుల్ని చూసుకుంటున్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ బొగ్గులు రాజేస్తున్న చెల్లెలికి బొగ్గులెలా రాజెయ్యాలో చెబుతాడు. చెప్పే ముందు "నీ మంచికే చెప్తున్నా" అంటాడు. మనదేశంలోనే కాదు, ఏ దేశంలోనైనా ఇంటి యజమానికీ అద్దెకున్నవాళ్ళకీ చట్టాలున్నాయి గానీ, అన్నయ్యల ప్రేమ నుంచి కాపాడే చట్టం ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు.

ఒకసారి చుట్టాల పెళ్ళిలో అందరి ముందూ ఆయన, "ఒంటరి ఆడదానివి. నేనూ మీ వదినా వచ్చి పై వాటాలో ఉంటాం" అన్నాడు. ఎలా తప్పించుకోవాలో తెలీక, "పైన అద్దెకున్నారు కదన్నయ్యా, ఖాళీ అయితే వచ్చెయ్యి" అనేసింది. పెద్దవాళ్ళంతా మాట తీసుకున్నట్టు తలలూపారు. అప్పట్నుంచి అన్నయ్య వారం వారం వదినని వెనక కూర్చోబెట్టుకుని స్కూటరు మీద వస్తాడు. తలెత్తి పైకి చూస్తాడు. తీగ మీద బట్టలుంటే నిట్టూరుస్తాడు.

అందుకే ఆమె అద్దె కాగితం పదకొండు నెలలకి గట్టిగా రాయిస్తుంది. అందుకే పైన అద్దెకున్న ఆసుపత్రి నర్సమ్మ ఇంకా నాలుగు నెలలుండగానే వచ్చి, "అక్కా, వేరే ఊళ్ళో పర్మనెంటు ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి, ఖాళీ చేస్తాను" అన్నప్పుడు ఇస్త్రీ పెట్టె గాల్లోనే ఆగిపోయింది.

"అగ్రిమెంటుందమ్మా."

"అడ్వాన్సు ఉంచేసుకో అక్కా."

"అడ్వాన్సు తీగ మీద ఆరేసుకోనా? నాక్కావలసింది మనిషి."

నర్సమ్మకి ఏమీ అర్థం కాలేదు. ఇస్త్రీ అక్క మంచిమాటల్లోకి దిగింది. కుళాయి బాగుచేయిస్తానంది. వరండాకి తెర కట్టిస్తానంది. చివరికి, "కొత్త ఊరు, కొత్త నీళ్ళు, ఒంటరి పిల్లవి. నీ మంచికే చెప్తున్నా" అంది.

అని, తన నోరే తనకి కొత్తగా వినిపించినట్టు ఆగిపోయింది. అచ్చం అన్నయ్య. మీసం ఒక్కటే తక్కువ.

"పోవే తల్లీ," అంది వెంటనే. "అడ్వాన్సు కూడా పట్టుకుపో. నేను మనసు మార్చుకునేలోపల సామాను సర్దేసుకో."

ఆదివారానికి పై వాటా ఖాళీ అయింది. అద్దెకి అడగడానికి ఒకే ఒకాయన వచ్చాడు. గది చూశాడు, కుళాయి తిప్పాడు, కిటికీ మూసి తెరిచాడు. అంతా నచ్చాక, "ఇంటివాళ్ళతో మాట్లాడాలి" అన్నాడు.

"మాట్లాడుతూనే ఉన్నారు కదండీ."

"అంటే... మగవాళ్ళెవరూ లేరా?"

"ఉన్నారు. వాళ్ళొస్తారనే భయంతోనే మీకు అద్దెకిస్తున్నా."

ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఒక ఆడది బల్ల దగ్గర నిలబడి సంపాదిస్తే జనానికి అభ్యంతరం లేదు, ఇల్లు తనదని చెబితే మాత్రం ఆ వెనకాల మగవాడి కోసం వెతుకుతారు.

అన్నయ్య వచ్చే రోజు రానే వచ్చింది. పైన తీగ బోడిగా ఉంది. ఇస్త్రీ అక్క చుట్టూ చూసింది. బల్ల కింద మూటల నిండా బట్టలే. ఆమె దగ్గర ఇంకేం లేకపోయినా, ఒక ఊరికి సరిపడా బట్టలున్నాయి. చేతికందిన మూట విప్పి, పైకెళ్ళి తీగ నిండా ఆరేసింది. దిగొచ్చి ఏమీ ఎరగనట్టు ప్లీడరుగారి ప్యాంటు అందుకుంది.

స్కూటరు ఆగింది. అన్నయ్య తలెత్తాడు.

"ఈసారి మగమనిషికిచ్చావా?"

"ఊఁ."

"నర్సు వెళ్ళిపోయిందని వీధిలో విన్నాలే. ఇంతలోనే ఎవడికిచ్చావో అనుకున్నా." కళ్ళద్దాలు సర్దుకుని తీగ వైపు తీక్షణంగా చూశాడు. "పద్ధతి గల మనిషే. ఆ చొక్కా చూడు, చిన్న గళ్ళు. పెద్ద గళ్ళు వేసేవాణ్ణి నమ్మకూడదు."

ఇస్త్రీ అక్క కూడా అప్పుడే సరిగ్గా చూసింది. తొందరలో విప్పింది అన్నయ్య మూట. ఆయన బట్టలు కూడా ఆమే ఇస్త్రీ చేస్తుంది, ఊరికే.

అయితే ఆయన తన చొక్కాని తను గుర్తుపట్టలేదు. పట్టడు కూడా. పెళ్ళయిన నాటి నుంచీ భార్య తీసిచ్చింది తొడుక్కుని, విప్పింది కుర్చీ మీద పడేసిన మనిషి. అది ఉతికేదెవరు, గుండీ కుట్టేదెవరు, బీరువాలో ఎక్కడుంటుంది, ఆయనకేం తెలుసు?

వదినకి తెలుసు. ఆవిడ పైకి చూసింది, ఆడపడుచుని చూసింది, మళ్ళీ పైకి చూసింది.

"సాయంత్రం దాకా కూర్చుంటా," అన్నాడు అన్నయ్య స్టూలు లాక్కుని. "వస్తే పరిచయం చేసుకుని పోతాను. ఏం ఉద్యోగం?"

ప్లీడరుగారి ప్యాంటు మీద నుంచి పొగ వచ్చింది.

"మాడుతోందమ్మాయ్," అంది వదిన నెమ్మదిగా. "మీరిక్కడే కూర్చోండి. నేను పైకెళ్ళి గది చూసొస్తా."

వెళ్ళిన మనిషి ఎంతకీ దిగలేదు. ఇస్త్రీ అక్క మెట్లెక్కింది. ఖాళీ గది మధ్యలో వదిన చాప కూడా లేకుండా వెల్లకిలా పడుకుని, పైకప్పు వైపు చూస్తోంది.

"ఏమైంది వదినా?"

"ఏం కాలేదే. ఇక్కడ ఎవరూ మాట్లాడ్డం లేదు." కాసేపు ఆ హాయిని అనుభవించి, "నర్సమ్మ అగ్రిమెంటు ఇంకెన్నాళ్ళుంది?" అంది.

"నాలుగు నెలలు."

"అది నా పేర రాసెయ్. నేను ఇంట్లో ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బులున్నాయి. పొద్దున వంట చేసి వస్తా, చీకటి పడ్డాక వెళ్తా. ఇంట్లో అన్నం ఎలా వార్చాలో, పిల్లలకి లెక్కలెలా చెప్పాలో, తలగడ ఎటు పెట్టుకోవాలో... మీ అన్నయ్య మంచివాడేనమ్మా. కాస్త దూరం నుంచి ఇంకా మంచివాడు."

"అన్నయ్య కూడా వస్తానంటే?"

"ఖాళీ అయితే రమ్మన్నావు. ఖాళీ లేదుగా."

ఇద్దరూ కిందికి దిగారు. అన్నయ్య ఆత్రంగా లేచాడు. "చూశావా? ఎలాంటివాడు?"

"వాడు కాదండీ, నేను. గది నేనే తీసుకున్నా."

"మరి ఆ చొక్కా?"

"మీదే."

ఆయన పైకి చూశాడు. చాలాసేపు చూశాడు. "అదీ సంగతి," అన్నాడు చివరికి, "చూడగానే నచ్చింది."

ఆ తర్వాత అర్థమై, అరిచాడు, అలిగాడు, ఆనాటి పెళ్ళిలో మాట విన్న పెద్దలకి ఫోన్లు చేశాడు. వాళ్ళు మాత్రం, "ఖాళీ అయితేనే కదయ్యా మాట? నీ భార్యే ఉందంటే ఖాళీ ఎలా అవుతుంది?" అన్నారు. ఒక పెద్దాయన భార్యయితే ఫోను లాక్కుని, పక్కన ఇంకో గది ఏమైనా ఉందా అని అడిగిందట.

మరుసటి వారం మధ్యాహ్నం అన్నయ్య స్కూటరు మీద ఒక్కడే వచ్చాడు. చొక్కా ఇస్త్రీ లేదు, గుండీలు ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా పడ్డాయి.

"మీ వదిన పైన ఉందా?"

"అద్దెకున్నవాళ్ళ సంగతులు బయటివాళ్ళకి చెప్పనన్నయ్యా."

"బయటివాణ్ణేమిటే, మొగుణ్ణి."

"అయితే అసలు చెప్పను."

ఆయన పైకి చూశాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల్నుంచి సన్నగా గురక వినిపిస్తోంది. గొంతు తగ్గించి, ముందెన్నడూ అడగని మాట చెల్లెల్ని అడిగాడు.

"లేచేదాకా ఇక్కడ కూర్చోవచ్చా?"

"కూర్చో," అంది ఇస్త్రీ అక్క, స్టూలు తోసి. "ముందు ఆ గుండీలు సరిగ్గా పెట్టుకో."