తిట్లు మానేసిన దుర్గమ్మ

మేడ్చల్ చేపల మార్కెట్టుకు కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరినీ దారి అడగనక్కర్లేదు. దుర్గమ్మ గొంతు వినబడే వైపు నడిస్తే చాలు. పొద్దున్నే శామీర్‌పేట చెరువు నుంచి భర్త పర్వతాలు ట్రాలీ ఆటోలో చేపలు తెచ్చి దింపేవాడు. ఆమె కత్తిపీట ముందు చతికిలబడి, పక్కనే దుకాణం పెట్టిన తోడికోడలు వినోదతో ఆనాటి జగడం మొదలుపెట్టేది. నీ నీళ్ళు నేను పరిచిన పట్టా మీదికి పారుతున్నాయనో, నా గిరాకీని నవ్వి లాక్కున్నావనో ఏదో ఒకటి. కారణాలకు ఎన్నడూ కరువు రాలేదు. రవ్వ చేప కొనడానికి వచ్చినవాళ్ళు ముక్కలు కొట్టించుకున్నాక కూడా సంచి పట్టుకుని కాసేపు నిలబడేవారు. అలాగని ఇద్దరికీ పగ లేదు. పొద్దంతా తిట్టుకుని మధ్యాహ్నం ఒకే గిన్నెలో కూర పంచుకునేవారు.

అలాంటి దుర్గమ్మకు నిరుడు ఎండాకాలంలో చలి పెట్టింది. రోడ్డు మీద తారు కరుగుతుంటే ఆమె భర్త స్వెటర్ తొడుక్కుని చేపలు కోసింది. ముఖం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, దువ్వితే దువ్వెన నిండా జుట్టే. తిండి తగ్గినా ఒళ్ళు పెరిగింది. ఎంత నిద్రపోయినా నిద్ర తీరలేదు. అంతకంటే విచిత్రం, తిట్లు ఆగిపోయాయి. తిట్టు నాలుక దాకా వచ్చేది. దాన్ని బయటికి తోయాలంటే బియ్యం బస్తా ఎత్తినంత పని అనిపించి, పోనీలే అని మింగేసేది. దేని మీదా మనసు లేదు. ఉప్పు లేని పప్పులా ఉంది బతుకు. ఒకాయన వచ్చి బొచ్చె తాజాదేనా అని అడిగాడు. పూర్వపు దుర్గమ్మ అయితే, నువ్వు తాజాగున్నవా అని ఎదురు అడిగేది. ఇప్పుడామె తెల్వది బిడ్డా అంది, అని ఏడ్చింది. ఆయన కంగారుపడి బేరమాడకుండా కొనుక్కుపోయాడు.

పర్వతాలుకు మొదట్లో ఇదంతా వరంలా తోచింది. పెళ్ళయినప్పటి నుంచి ఇంట్లో అంత నిశ్శబ్దం ఎరగడు. నా పెండ్లానికి శాంతం వచ్చిందని చాయ్ హోటల్లో చెప్పుకున్నాడు, ఎల్లమ్మకు కొబ్బరికాయ కూడా కొట్టాడు. తర్వాత కూరలో కారం కూడా తగ్గిపోయేసరికి కాస్త అనుమానం వచ్చి, దిష్టి తీయించాడు. నిమ్మకాయలు పాడైపోయాయి గానీ దుర్గమ్మ తేరుకోలేదు.

వినోద మాత్రం మొదట దీన్ని కొత్త రకం జగడం అనుకుంది. మాట్లాడకుండా గెలవాలని చూస్తోంది అక్క, చూద్దాం ఎన్నాళ్ళో అని తన పట్టాను దుర్గమ్మ జాగాలోకి జానెడు జరిపింది. ఉలుకు లేదు. మర్నాడు మూరెడు జరిపింది. పలుకు లేదు. చివరికి ఐసు డబ్బా తెచ్చి సరిగ్గా దుర్గమ్మ ముందర పెట్టింది. దుర్గమ్మ దాని వైపు చూసి, కత్తిపీట తీసుకుని మెల్లగా అవతలికి జరిగి కూర్చుంది. వినోద తన కత్తిపీట వదిలేసి లేచి వచ్చింది.

“అక్కా, నేను జరుపుతే నువ్వు జరుగుతవా? లే, దవాఖానకు పోదాం” అంది.

దుర్గమ్మ కాదనడానికి కూడా ఓపిక లేక వెంట వెళ్ళింది.

డాక్టరు మాధవీలత ఏమవుతోందని అడిగితే, దుర్గమ్మ కంటే ముందు వినోదే చెప్పింది, నన్ను తిడతలేదు మేడమ్ అని. డాక్టరు నవ్వలేదు. ఎప్పటి నుంచి అని అడిగి, చలి సంగతి, జుట్టు సంగతి, నిద్ర సంగతి విని, మెడ పట్టి చూసింది. తర్వాత దుర్గమ్మ చేయి పట్టుకుని, చచ్చిపోవాలని ఏమైనా అనిపిస్తోందా అమ్మా అని నెమ్మదిగా అడిగింది.

“సావబుద్ధి అయితలేదు మేడమ్. లేవబుద్ధి అయితలేదు.”

రక్తపరీక్షలో థైరాయిడ్ బాగా తక్కువ పనిచేస్తోందని తేలింది. పొద్దున పరగడుపున మాత్ర వేసుకోవాలి, గంటసేపు చాయ్ ముట్టకూడదు. రోగం కన్నా ఈ రెండో మాట దుర్గమ్మను ఎక్కువ బాధపెట్టింది. నోట్లో మాత్ర, చేతిలో చాయ్ గ్లాసుతో కొన్నాళ్ళు నడిపింది. మళ్ళీ పరీక్ష చేస్తే పెద్ద మార్పు లేదు. చాయ్ తాగుతున్నావా అని డాక్టరు అడిగితే, మాత్ర గొంతుల తట్టుకుంటాందని జర తాగిన, అంతే అంది. ఆ రోజు డాక్టరు తిట్టిన తిట్లు విని, ఈమె చేపలమ్మినా బతుకుతుందని దుర్గమ్మ మనసులో మెచ్చుకుంది.

చాయ్ కోసం కాచుకునే ఆ గంట గడవడానికి వినోద ఆమెను ఊరి చెరువు కట్ట మీదికి నడకకు లాక్కుపోయింది. క్రమంగా వాపు తీసింది, స్వెటర్ విప్పింది, పరీక్ష కూడా సరిగ్గానే వచ్చింది. అయినా మనసు మాత్రం లేవలేదు. మందు పనిచేసినా నేను పనిచేస్తలేనని దుర్గమ్మ కుమిలిపోయింది. అలా అవుతుందని డాక్టరు చెప్పింది. థైరాయిడ్ వల్ల దిగులు రావొచ్చు, అది సర్దుకున్నా దిగులు మిగిలిపోవచ్చు, దానికి వేరే వైద్యం కావాలి అంది. దుర్గమ్మ తనకు తెలిసిన లెక్కలో అర్థం చేసుకుంది. ఇవి రెండూ తోడికోడళ్ళు. ఇల్లొకటే, పొయ్యిలు వేరు.

కానీ మనసు డాక్టరు దగ్గరికి పొమ్మనేసరికి ఆమె భయపడింది. పిచ్చిమందు తింటున్నానని మార్కెట్టంతా అనుకోదా అంది.

“నీకు పిచ్చని నేను నా పెండ్లైనకాన్నుంచి చెప్తనే ఉన్న. ఎవ్వలు నమ్మిండ్రు? ఇప్పుడు నమ్ముతరా? నడువు” అంది వినోద.

ఆ డాక్టరు ఇంకో మాత్ర ఇచ్చాడు, అది పట్టడానికి వారాలు పడుతుందన్నాడు. మాట్లాడించడానికి ఒక అమ్మాయి దగ్గరికి కూడా పంపాడు. మొదట దుర్గమ్మ ఆ అమ్మాయి ముందు గోడలా కూర్చుంది. మెల్లగా, తల్లి చనిపోయిన ఏడాది కూడా ఒక్క రోజూ దుకాణం మూయలేదన్న సంగతి చెప్పుకుంది. దాన్ని గురించి అంతకుముందు ఎవరూ అడగలేదు, తనూ ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడాది శ్రావణమాసంలో, గిరాకీ లేని ఒక మధ్యాహ్నం, వినోద చేప పొలుసు గాలికి ఎగిరి దుర్గమ్మ చెంప మీద అతుక్కుంది. దుర్గమ్మ దాన్ని తీసి చూసింది. తర్వాత వినోద పుట్టింటి నుంచి మొదలుపెట్టి వరసగా తిట్లు అందుకుంది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది, నడుమ ఆయాసపడింది కూడా. వినోద ఎదురు తిట్టబోయి, కొంగుతో కళ్ళు ఒత్తుకుని, తర్వాత తిట్టింది. ఆ సాయంత్రం విషయం తెలిసి పర్వతాలు రెండు రోజులు శామీర్‌పేట చెరువు దగ్గరే ఎక్కువగా గడిపాడు.

ఇప్పటికీ ఆమె రెండు మాత్రలూ వేసుకుంటోంది. బాగుంది కదా అని సొంతంగా మానొద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారు. అన్ని రోజులూ ఒకలా ఉండవు. మబ్బు పట్టినట్టుండే పొద్దులు అప్పుడప్పుడు వస్తూనే ఉంటాయి. అప్పుడు దాచకుండా వినోదకు ఫోన్ చేసి, ఇయ్యాల నాతోని కాదు అంటుంది. వినోద ఏమీ అడగదు. ఆమె చేపలు కూడా తనే అమ్మేసి, సాయంత్రం వచ్చి, పక్కన కూర్చుని, కాసేపు టీవీ చూసి పోతుంది. మర్నాడు మార్కెట్టుకు వచ్చిన దుర్గమ్మ మొదట చేసే పని, కొర్రమీను అంత అగ్గువకు ఎందుకు ఇచ్చినవని నిలదీయడం.