చేవెళ్ల రిజిస్టర్లో దొరికిన మా చెల్లి

మా చెల్లి శ్రీలతకు ఎంసెట్లో మంచి ర్యాంకే వచ్చింది. మిఠాయిలు పంచేశాక గాని కౌన్సెలింగుకు కావలసిన కాగితాల జాబితా ఎవరమూ సరిగా చదవలేదు. సీటు ఇచ్చేవాళ్లు ర్యాంకు తర్వాత చూసేది స్థానికత. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఎక్కడ చదివారో ఏడేళ్లకూ స్టడీ సర్టిఫికెట్లు చూపించాలి. మా దగ్గర ఆరే ఉన్నాయి. ఆరో తరగతి ఒక్క ఏడాది అది చేవెళ్లలో మా మేనత్త ఇంట్లో ఉండి సర్కారు బడిలో చదివింది. తెల్లారితే కౌన్సెలింగ్. ఆ కాగితం లేదని నాన్‌లోకల్ కింద నెట్టేస్తే కంప్యూటర్ సైన్స్ మీద ఆశ వదులుకోవలసిందే. డిగ్రీ చేతబట్టుకుని, ఇంట్లో కాలు నిలవక తిరుగుతున్న నేను ఆ పని మీద వేసుకున్నాను.

మెహదీపట్నంలో ఏడున్నరకు చేవెళ్ల బస్సెక్కాం. టికెట్టు పదహారు రూపాయలు, ప్రయాణం గంటకు పైగా. మొయినాబాద్ దాటేదాకా గులాబీ తోటలకూ ప్లాట్ల బోర్డులకూ మధ్య ఇంజనీరింగ్ కాలేజీల బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. చెల్లి ఒళ్లో ఫైలు చూసి కండక్టర్ అడిగాడు.

“కౌన్సిలింగా? ఏ బ్రాంచి?”

“కంప్యూటర్స్ అన్నా.”

“అందరు కంప్యూటర్సే. మల్ల ఈ బస్సు ఎవలు నడపాలె?”

“నేను నడుపుతున్న గదా, నువ్వు టికెట్లు కొట్టు,” అన్నాడు డ్రైవర్ వెనక్కి చూడకుండానే.

చేవెళ్ల బస్టాండులో అత్త టిఫిన్ క్యారియర్‌తో ఎదురొచ్చింది. “ర్యాంకు వచ్చిందంటిరి. మల్ల ఆరో తరగతితోని వాళ్లకేం పని?”

“ఎక్కడోళ్లమో చూస్తరంట అత్తా.”

“ఈడోళ్లమే అని నేను చెప్తా. నన్ను తోల్కపోండ్రి.”

సెలవులే అయినా హెడ్‌మాస్టర్ ఆఫీసు గదిలో ఉన్నారు. అడ్మిషన్ రిజిస్టరు రెండుసార్లు తిరగేసి కళ్లద్దాలు తీశారు. “శ్రీలత అని పేరే లేదు బిడ్డా. లేనిది నేనెట్ల రాసిస్త?”

చెల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్త మాత్రం క్యారియర్‌ను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. “అనసూయ అని చూడుండ్రి సార్.”

“అనసూయ ఎవలు?”

“ఇదే. మా అమ్మ పేరు. ఇంట్ల దాన్ని గట్లనే పిలుస్తం. చేర్పిచ్చిన్నాడు పేరేందంటే గదే చెప్పిన.”

“అత్తా, బడిల అసలు పేరు చెప్పాలె గదా!” అన్నాను.

“మా అమ్మ పేరు నకిలీదా ఏందే?”

అనసూయ దొరికింది. నాన్న పేరు కలిసింది, పుట్టిన తేదీ కలిసింది. అయినా సార్‌కు నమ్మకం కుదరలేదు. ఆయన వేలు అడ్డంగా జరుగుతూ చివరి గడిలో ఆగింది: పుట్టుమచ్చలు. ఎడమ మణికట్టు మీద ఒకటి, గడ్డం కింద ఒకటి. పక్కన పెట్టిన పదో తరగతి మెమోలోనూ అవే రెండు.

“ఏదీ, తల ఎత్తు బిడ్డా.”

చెల్లి తల ఎత్తింది. సార్ వంగి చూసి, నవ్వి, పెన్ను మూత తీశారు. అనసూయ, శ్రీలత ఒక్కరేనని రాసి ముద్ర వేశారు.

“చేర్పిచ్చిన్నాడు మచ్చలు నేనే చూపిచ్చిన సార్,” అంది అత్త గర్వంగా. “గవి మాత్రం అసలువే.”

క్యారియర్‌లోని జొన్నరొట్టెలు బడి వరండాలోనే తిన్నాం, సార్‌తో సహా. ఒంటిగంటన్నర బస్సెక్కి మూడింటికల్లా నగరంలో ఉన్నాం.

మర్నాడు కౌన్సెలింగ్‌లో అధికారి ఆ కాగితం దగ్గర ఆగి కళ్లెత్తాడు. ఆయన అడగకముందే మా చెల్లి గడ్డం పైకెత్తింది. మొయినాబాద్ కాలేజీలోనే కంప్యూటర్ సైన్స్ సీటొచ్చింది; ఇప్పుడు రోజూ అదే బస్సు. మార్కులు తెచ్చుకోవడమే పెద్ద పని అనుకునేదాన్ని. ఆ మార్కులు తెచ్చుకున్నది మనమేనని చూపించడం కూడా ఒక పనేనని ఆ రోజు తెలిసింది. మీ ఇంట్లో ఎవరైనా ఫలితాల కోసం చూస్తుంటే, ఈలోపే వాళ్లు చదివిన ప్రతి బడికీ వెళ్లి రిజిస్టర్లో ఏ పేరుందో చూసుకోండి. చేర్పించిన అత్తనో బాబాయినో వెంట తీసుకెళ్లడం మరవకండి.