ఓబులేసు కుడికన్ను

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక డిసెంబరులో, నంద్యాలలో జరిగిన జిల్లా బాక్సింగ్ పోటీలకు నన్ను రింగ్‌సైడ్ డాక్టరుగా వేశారు. అప్పుడు నేను అక్కడే ప్రభుత్వ సర్జన్‌ని. బాక్సర్‌కు దెబ్బ తగిలితే రిఫరీ ఆట నిలిపి డాక్టరును పిలుస్తాడు. డాక్టరు వద్దంటే పోటీ అక్కడితో ముగిసినట్టే. ఆరేళ్లుగా చేస్తున్న పని కాబట్టి, నాకు తెలియనిది లేదన్న ధీమా కొంచెం ఎక్కువగానే ఉండేది.

హెవీవెయిట్ ఫైనల్‌కు ఇద్దరు మిగిలారు. ఓబులేసుది ఆళ్లగడ్డ. రాతి విగ్రహాలు చెక్కే ఇంట్లో పుట్టి, సుత్తి పట్టిన చేతికే గ్లవ్ తొడిగాడు. డేవిడ్‌ది బండి ఆత్మకూరు. రైస్ మిల్లులో బస్తాలు మోస్తూ, సాయంత్రం బస్సెక్కి నంద్యాల వచ్చి సాధన చేసేవాడు. గెలిచినవాడే రాష్ట్ర పోటీలకు వెళ్తాడు. ఇద్దరికీ వయసు మీరుతోంది కనుక అదే చివరి అవకాశం.

రెండో రౌండ్‌లో డేవిడ్ కొట్టిన దెబ్బ ఓబులేసు కుడికంటికి తగిలింది. రిఫరీ పిలిస్తే వెళ్లి, అతని ఎడమకన్ను నా అరచేత్తో మూసి, వేళ్లు చూపించాను. "రెండు, సార్" అన్నాడు తడుముకోకుండా. ఆడనిమ్మన్నాను.

రౌండ్ ముగిశాక డేవిడ్ తన మూలకు పోకుండా నేనున్న వైపు తాళ్ల దగ్గరికి వచ్చాడు.

"సార్, వానికి కుడిపక్క కనపడ్తాలేదు. నా ఎడమచెయ్యి మీదికొస్తాండా తల తిప్పడంలే. మళ్లొకసారి సూడండి."

పాయింట్లలో డేవిడ్ వెనకబడి ఉన్నాడు. పోటీ ఆపేస్తే గెలుపు అతనిదే. ఎత్తు వేస్తున్నాడనే అనుకున్నాను. అయినా రిఫరీ అనుమతి తీసుకుని రింగ్ ఎక్కాను. ఓబులేసు ఎడమకన్ను మూసి, ఈసారి ఒక్క వేలు కూడా చాపకుండా పిడికిలి చూపించాను.

"ఎన్ని వేళ్లప్పా?"

"రెండు, సార్."

ఆపమని రిఫరీకి చెప్పాను. అతను డేవిడ్ చెయ్యి ఎత్తాడు. చాడీ చెప్పి గెలిచాడని జనం డేవిడ్‌ను తిట్టిపోశారు. అతను తల వంచుకుని దిగిపోయాడు.

మరునాడే కర్నూలులో ఓబులేసుకు ఆపరేషన్ జరిగింది. కంటి వెనక పొర ఊడుతోందట. మరో దెబ్బ తగిలి ఉంటే ఆ కన్ను మిగిలేది కాదన్నారు. నేను చూడటానికి వెళ్తే, మంచం మీదే నిజం చెప్పాడు. "మీరు ఎప్పుడూ రెండే సూపిస్తారని మా కోచ్ సెప్పినాడు, సార్."

ఆరేళ్లలో ఎన్ని పోటీలు చూశానో, అన్నింట్లోనూ రెండు వేళ్లే. అది నాకు తప్ప అందరికీ తెలుసు. ఓబులేసు ఈరోజుకీ ఆళ్లగడ్డలో విగ్రహాలకు కళ్లు చెక్కుతున్నాడంటే అది డేవిడ్ పుణ్యమే. నా వృత్తిలో ఎవరికైనా రుణపడ్డానంటే ముందు అతనికే.

ఆ తర్వాత ఏ పోటీలోనూ వరసగా ఒకే సంఖ్య చూపలేదు. ఒకరికి దెబ్బ తగిలితే, కొట్టినవాణ్ణి కూడా పిలిచి ఏం గమనించావని అడిగేవాణ్ణి. రింగ్‌లో ఒక బాక్సర్‌ను అందరికంటే దగ్గరగా చూసేది అతని ప్రత్యర్థే.